పక్కసీటు బ్రేకు

కుడికాలి బొటనవేలు, అంటోంది మేడం, దాన్ని మెల్లిగా వదిలేయండి. చిక్కంతా అక్కడే ఉంది. ఎడమకాలు నా మాట వింటుంది, పాపం, వదిలేయమనగానే పక్కకి ఒరిగి పడుకుంటుంది. కుడికాలిదే పొగరు. యోగా క్లాసులో వరసగా చాపలేసుకుని వెల్లకిలా పడుకున్న ఇంతమంది పాదాలూ బయటికి వాలిపోయి ఉంటే, నాది మాత్రం నిటారుగా నిలబడి ఫ్యాను వైపు చూస్తూ ఉంటుంది, ఎవరైనా పిలిస్తే లేచి పోవడానికి తయారుగా. మేడం వచ్చి మడమ పట్టుకుని అటూ ఇటూ ఊపి, బరువంతా తీసినట్టు కింద పెట్టి వెళుతుంది. ఆవిడ నాలుగడుగులు వేసేలోపు అది మళ్ళీ నిలబడుతుంది. ఆవిడకి అసలు పేరేదో ఉంది గానీ ప్రతి మాటకీ ముందు మెల్లిగా అని తగిలిస్తుంది కాబట్టి మేమందరం మెల్లిగా మేడం అనే అంటాం. ఆవిడకీ తెలుసు, ఏమీ అనుకోదు. మెల్లిగా కూర్చోండి, మెల్లిగా మెడ తిప్పండి, మెల్లిగా నవ్వండి. ఏళ్ళ తరబడి నేనూ ఇదే మాట చెప్పి బతుకుతున్నాను మేడం, మెల్లిగా క్లచ్చి వదలండి, మెల్లిగా బ్రేకు తొక్కండి. డ్రైవింగు స్కూల్లో నేర్పేదాన్ని. మా బండికి రెండు బ్రేకులుంటాయి, ఒకటి నేర్చుకునేవాళ్ళ కాలి కింద, రెండోది పక్కసీట్లో నా కాలి కింద. ఊళ్ళో సగంమంది నా పక్కన కూర్చుని చెమటలు కక్కినవాళ్ళే. ఆ రెండో బ్రేకు మీద కాలు ఆనీ ఆనకుండా పెట్టి ఉంచాలి, తొక్కకూడదు, తియ్యకూడదు. అదే నా విద్య అంతా. ఇన్నేళ్ళు అలా గాల్లో నిలబెట్టిన కాలిని ఇవాళ ఈవిడొచ్చి వదిలేయమంటే అది ఎలా నమ్ముతుంది?

ఈపాటికి వాళ్ళు లిఫ్టు దిగి ఉంటారు. లేదా సంతకాలు ఇంకా అవలేదేమో, హాస్పిటల్లో ఇప్పుడే పంపించేస్తాం అంటే మధ్యాహ్నం అని అర్థం. మా ఆయనకి గుండె ఆపరేషనయింది. రొమ్ము ఎముక కోసి, పని చూసుకుని, మళ్ళీ తీగతో కట్టి పైన కుట్లు వేశారు, ఇవాళ ఇంటికి పొమ్మన్నారు. నిన్ననే నర్సమ్మ చిన్న దిండొకటి చేతికిచ్చింది. వెనకసీట్లో కూర్చోబెట్టండి, బెల్టుకీ ఛాతీకీ మధ్య ఇది పెట్టుకోవాలి, దగ్గొచ్చినా తుమ్మొచ్చినా దీన్ని హత్తుకోవాలి, బండి మాత్రం కుదుపు లేకుండా పోనివ్వండి, సడన్ బ్రేకు వెయ్యొద్దు, ఆ ఎముక ఇంకా పచ్చిగానే ఉంటుంది అంది. సడన్ బ్రేకు అనే మాట నా ముందు అంది. నేను బండి ఆపితే ఆగిందని లోపలున్నవాళ్ళకి తెలియదు, అలాంటిదాన్ని నేను ఇక్కడ లాండ్రీషాపు పైన అద్దెగదిలో చాప మీద పడుకుని ఉన్నాను, కింద మిషన్లు గిర్రున తిరుగుతుంటే వీపుకి సన్నగా తెలుస్తోంది. బండి తోలుతున్నది నా కూతురు. తాళాలు లాక్కుంది.

లాక్కుందంటే ఊరికే లాక్కోలేదు. మొన్న సాయంత్రం హాస్పిటల్ నుంచి ఇంటికి వస్తున్నాం, నేను తోలుతున్నాను, పక్కన అమ్మాయి. ఆపరేషనయిన దగ్గర్నుంచీ నాకు కంటి మీద కునుకు లేదు. ఎదురుగా ఎర్రలైటు పడింది. నేను చూశాను, బాగా చూశాను. కాలు బ్రేకు మీద ఆనీ ఆనకుండా పెట్టి ఎదురుచూశాను. చూసే ఉంటాడు, ఇప్పుడు తొక్కుతాడు, ఇంకొక్క క్షణం ఇద్దాం, తనంతట తనే తొక్కనీ, అనుకుంటూ నిమ్మళంగా కూర్చున్నాను. బండి గీత దాటిపోయింది. అమ్మా, అని అమ్మాయి కేక పెట్టింది. అప్పుడు తెలిసింది, స్టీరింగు నా చేతుల్లోనే ఉంది. తోలుతున్నది నేనే, నా పక్కన నేనే కూర్చుని నాకే అవకాశం ఇస్తున్నాను. అడ్డంగా వచ్చే వ్యానువాడు ఎలాగో ఆపుకుని, కిటికీలోంచి తల బయటపెట్టి, ఎక్కడ నేర్చుకున్నావమ్మా బండి అని అడిగాడు. వాడికీ నేనే నేర్పానేమో, ఎవరికి తెలుసు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడ్డట్టయింది నా బతుకు. అమ్మాయి బండి పక్కకి పెట్టించి దిగి వచ్చి నా వైపు తలుపు తీసి చెయ్యి చాపింది. తాళాలియ్యి. ఎల్లుండి నీ క్లాసుందిగా, నువ్వు అక్కడికి పో, నాన్నని నేను తెస్తాను. నేను పక్కన కూర్చుంటాను లేవే అన్నాను. వద్దంటే వద్దంది. ఆయన దగ్గర మొరపెట్టుకుంటే మంచం మీంచి ఆయన కూడా దాని పక్షమే. అది తెస్తుందిలే, నువ్వు పక్కన కూర్చుని మేటు తొక్కుతుంటే ఆ చప్పుడుకే నా కుట్లు ఊడతాయి, అన్నాడు. మా ఇంటి కారుకి పక్కసీట్లో బ్రేకు లేదు. కానీ ఆ సీటు ముందున్న రబ్బరు మేటుకి కుడివైపు చిల్లు పడింది.

ఇప్పుడు శ్వాస, అంటోంది మేడం. దాన్ని నడపకండి. అదే వస్తుంది, అదే పోతుంది, మీరు మెల్లిగా పక్కన కూర్చుని చూడండి. పక్కన కూర్చుని చూడటం నాకు నేర్పుతున్నారా మేడం, అనుకున్నాను, అనుకున్నానో లేదో శ్వాస బిగిసింది. చూడటం మొదలుపెట్టగానే నేను దాన్ని తోలడం మొదలుపెడతాను. చాలు, ఇక వదులు, ఇప్పుడు పీల్చు, అంత గబగబా కాదు. ఈ జబ్బు హాస్పిటల్లో ఆయన గదిలోనే పట్టుకుంది. మొదటిరోజు ఆయన ముక్కులో గొట్టాలతో, నోట్లో గొట్టంతో, మిషను పీలిస్తే పీలుస్తూ పడుకుని ఉన్నాడు. ఆ మిషను పరవాలేదు, దాని పని అది చేసుకుపోయింది. తర్వాత గొట్టం తీసేసి ఇక ఆయనే పీల్చుకుంటాడన్నారు చూడండి, అప్పుడు మొదలైంది నాకు. ఛాతీ పైకి లేస్తే నేను పీల్చాను, దిగితే వదిలాను. మధ్యలో ఎక్కడో ఒకచోట ఆయన ఆగేవాడు, అందరూ నిద్రలో అలాగే ఆగుతారట, నర్సమ్మ చెప్పింది, కానీ ఆ ఆగినంతసేపూ నా కుడికాలు మంచం కోడుకి ఆనించి నొక్కేదాన్ని. తియ్యి, ఊపిరి తియ్యి, అని. ఆయన తీసేవాడు. నేను నొక్కినందుకే తీశాడని నాకు అనిపించేది. నేను కునుకు తీస్తే ఆయన మర్చిపోతాడని అనిపించేది. పిచ్చని తెలుసు, తెలిసినంత మాత్రాన పోతుందా. అందుకే నిద్ర మానేశాను.

మోకాళ్ళు, అంటోంది. మోకాళ్ళ వెనక ఉన్న బరువుని చాపకి ఇచ్చేయండి. సరే, తీసుకోండి. ఈలోగా వాళ్ళు కిందికి దిగి కారులో ఎక్కి ఉంటారు, దిండు పెట్టి ఉంటుంది, బెల్టు అదే పెట్టి ఉంటుంది. బేస్‌మెంటు నుంచి పైకి వచ్చే దారి మెలి తిరిగి ఉంటుంది, స్తంభం దగ్గర హారను కొట్టి రావాలి, ఫస్టు గేరులోనే రా అమ్మా, తొందరేం లేదు. బయటికొచ్చాక వెలుగు ఒక్కసారిగా కళ్ళల్లో పడుతుంది, ఒక్క క్షణం ఆగు, కళ్ళు సర్దుకోనీ. ఇటు తిరిగితే మందులషాపులు, వాటి ముందు అడ్డదిడ్డంగా పెట్టిన బళ్ళు, తలుపు ఎవరు ఎప్పుడు తెరుస్తారో తెలియదు, ఒక తలుపంత దూరం వదిలి పోనియ్. ఆ తర్వాత బేకరీ వీధి. అక్కడికి వచ్చేసరికి ఆయన నిద్రపోతాడు. ఆయనకి సీటు తగిలితే చాలు. మా ఆయన స్కూల్లో డ్రాయింగు మాస్టారు, బండి తోలడం రాదు. రాకపోవడమేమిటి, నేర్పింది నేనే. పెళ్ళికి ముందు నా దగ్గర నేర్చుకోవడానికొచ్చి, నడిరోడ్డు మీద బండి ఆపేసి, ఆ గోడ మీద ఎండ చూశారా అండీ, ఎంత పసుపో, అన్న మనిషి. వెనక బస్సువాడు హారను మోగిస్తున్నాడు, ఈయన గోడ చూస్తున్నాడు. ఈయనకి ఈ జన్మలో బండి రాదని ఆరోజే రాసిపెట్టేశాను. నేర్పలేకపోయిన ఒకే ఒక్క మనిషి, వదిలిపెట్టడం అవమానమనిపించి పెళ్ళి చేసుకున్నాను. అప్పట్నుంచీ నేను తోలడం, ఆయన నిద్రపోవడం. నాకు నేర్పిన పెద్దాయన ఒక మాట అనేవాడు, పక్కన నిద్రపోతున్నవాడు లేవకుండా బండి ఆపగలిగితే అది నీకు వచ్చినట్టు, అప్పటిదాకా రానట్టే. నాకు ప్రతిరోజూ పరీక్ష పెట్టే మనిషి ఇంట్లోనే దొరికాడు. ఆయన ఎప్పుడూ లేవలేదు. ఇంటి ముందు తట్టి లేపితే, అప్పుడే వచ్చేశామా, అంటాడు.

నడుము. నడుము కింద చెయ్యి దూరేంత ఖాళీ ఉంటే కంగారుపడకండి, అది మెల్లిగా దిగుతుంది. నా పక్క చాప మీద పళ్ళ డాక్టరమ్మ ముక్కు ఎగబీలుస్తోంది. ఆ పిల్ల ఈ ఘడియకి ఎప్పుడూ ఏడుస్తుంది, బాధేం లేదండీ, నీళ్ళు వాటంతటవే వస్తాయి, పొద్దున్నుంచీ నొప్పి పెట్టదు నొప్పి పెట్టదు అని ఇంతమందికి చెప్తాను కదా, అది అలా బయటికి పోతుందేమో అంటుంది. మొదట్లో వింతగా ఉండేది, ఇప్పుడు ఆ చప్పుడు వినకపోతే ఇవాళ క్లాసుకి రాలేదేమో అని చూస్తాం. ఆ చివర రిటైరైన పోస్టుమాస్టారు అప్పుడే గురక మొదలుపెట్టాడు, ఎవరి పుణ్యం వారిది. ఇవాళ మేడం ఒక పని చేసింది. రోజూ ఈ ఆఖరి పడకకి ముందు పేరు చెబుతుంది, శవాసనం అని. ఇవాళ ఆ మాట నోటిదాకా వచ్చి నా వైపు చూసి మింగేసింది. ఇక విశ్రాంతి, అంది. క్లాసు మొదలయ్యే ముందు ఫోన్లన్నీ తలుపు దగ్గర బుట్టలో వెయ్యాలి, అదీ ఆవిడ నియమం. నేను వెయ్యనన్నాను. దారిలో ఉన్నారండీ, ఏమైనా అయితే, అన్నాను. ఆవిడ బతిమాలలేదు, నియమం సడలించనూ లేదు, చెయ్యి చాపింది. నాకివ్వండి, నా ఒళ్ళో పెట్టుకుంటాను, మోగితే నేను చూస్తాను, అవసరమైతే మిమ్మల్ని లేపుతాను, అప్పటిదాకా అది నా పని, అంది. ఈమధ్య నా దగ్గర్నుంచి అందరూ ఏదో ఒకటి లాక్కునేవాళ్ళే.

బేకరీ దాటారు. రౌండు తిరిగారు, ఆ మధ్యలో ఉన్న ఫౌంటెన్ నేను పుట్టిన దగ్గర్నుంచీ రిపేరులోనే ఉంది. వంతెన ఎక్కారు. వంతెన దిగాక రెండు దారులు. ఒకటి చుట్టుదారి, చాపలా చదునుగా ఉంటుంది, దాన్ని ఏదో గొట్టాలు వెయ్యాలని తవ్వి పెట్టారు. ఇంకోటి వాలు. పొడుగాటి వాలు, దాని కింద రైలుగేటు. ఇవాళ అమ్మాయికి ఆ వాలు తప్పదు. రాత్రంతా నేను ఆలోచించింది ఆపరేషను గురించి కాదు, ఆ వాలు గురించి. అక్కడే ఒకప్పుడు అది పరుపుల వ్యానుని గుద్దింది. ఆ సంగతి ఇంట్లో అందరూ నవ్వుతూ చెప్పుకుంటారు, గుద్దితే గుద్దింది, వెతికి మరీ పరుపుల వ్యానుని గుద్దింది మన అమ్మాయి అంటాడు ఆయన. నాకు మాత్రం నవ్వు రాదు. ఊళ్ళోవాళ్ళ పిల్లలకి నేర్పేటప్పుడు నా కాలు ఎంత ఓపిగ్గా ఉండేదో. తప్పు చెయ్యనిచ్చేదాన్ని, భయపడనిచ్చేదాన్ని, చిట్టచివరి క్షణందాకా ఆగేదాన్ని. నా కూతురు స్టీరింగు పట్టుకునేసరికి ఆ ఓపిక ఎటుపోయిందో. మలుపు రాకముందే కొంచెం, కుక్క కనిపిస్తే కొంచెం, ఏమీ కనిపించకపోతే ఎందుకు కనిపించడంలేదని కొంచెం. గట్టిగా తొక్కితే తెలిసిపోయేది. నేను తొక్కినట్టు తెలియకుండా తొక్కేదాన్ని, అంత నాజూగ్గా, నా విద్యంతా చూపించి. బండి చక్కగా ఆగేది. ఆపింది తనేననుకునేది పిల్ల. శభాష్ అనేదాన్ని నేను, అదింకా అన్యాయం. మా స్కూల్లో ఇంకో మాస్టారున్నాడు, పొట్టి మాస్టారని, ఆయన అననే అన్నాడు, పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదు, పిల్లని నాకు ఒప్పగించండి అని. వినలేదు.

భుజాలు, అంటోంది. భుజాల మీద ఎవరైనా కూర్చుని ఉంటే మెల్లిగా దిగమనండి. ఎవరో కిసుక్కున నవ్వారు. మొట్టమొదటిసారి ఇంటి కారులో, పక్కన రెండో బ్రేకు లేని కారులో, తను ఒక్కతే ఆ వాలు దిగింది. ముందు వ్యాను ఆగింది. ఇది బ్రేకు తొక్కింది. ఫోనొస్తే నేను పరిగెత్తుకుంటూ పోయాను, చెప్పు ఒకటి ఎక్కడో ఊడిపోయింది. నుదుటి మీద బొప్పి కట్టి, రెండు చేతులూ స్టీరింగు మీదే పెట్టుకుని, బొమ్మలా కూర్చుని ఉంది. నన్ను చూసి ఏడవలేదు. తొక్కానమ్మా, అంది. ఎప్పుడూ తొక్కినంతే తొక్కాను. అంతే అంది. ఎందుకు ఆగలేదో దానికి అర్థం కాలేదు, నాకు అర్థమైంది, వ్యానువాడు అరుస్తున్నాడు, తలుపు సొట్టపడిన వ్యానులోంచి పరుపు ఒకటి బయటికి తొంగిచూస్తోంది. నేను రోడ్డు మీద ఒంటికాలి చెప్పుతో నిలబడి ఉన్నాను. ఆ తర్వాత అది పొట్టి మాస్టారి దగ్గర మళ్ళీ మొదట్నుంచీ నేర్చుకుంది. మంచిగా నేర్చుకుంది, ఏళ్ళుగా తోలుతోంది, రంగుల కంపెనీలో దాని ఉద్యోగానికి రోజూ బండి మీదే పోయి వస్తుంది. అంతా బాగానే ఉంది. కానీ దాని పక్కన ఎప్పుడు కూర్చున్నా నాకు ఆ మాటే వినిపిస్తుంది, ఎప్పుడూ తొక్కినంతే తొక్కానని, వినిపించగానే కాలు మేటు మీద నొక్కుకుంటుంది. దానికి కోపం వస్తుంది. రాదా మరి. నా కాలు దానితో ప్రతిసారీ ఏమంటోంది? నీ వల్ల కాదు అంటోంది. నోటితో నేనెప్పుడూ ఆ మాట అనలేదు, ముద్దుగానే పెంచాను, నోరు బంగారం, కాలే శత్రువు.

మెడ. గొంతు. గొంతు దగ్గర ఏ మాటైనా ఆగి ఉంటే దాన్ని అక్కడే కాసేపు కూర్చోనివ్వండి, తొయ్యకండి. మేడం గొంతు దూరంగా వినిపిస్తోంది, కింద లాండ్రీ మిషను ఒకటి ఆగింది, ఇంకోటి మొదలైంది. ఇప్పుడు వంతెన దిగుతున్నారు. ఆయన నిద్రపోతుంటాడు, దిండు రెండు చేతులతో పొదివి పట్టుకుని, నోరు కొంచెం తెరుచుకుని. ఊపిరి తీస్తున్నాడా? చూడవే, అద్దంలో చూడు, వద్దు వద్దు, నువ్వు రోడ్డు చూడు. ఆయన్ని నేను చూస్తాను. నేను లేనుగా. సరే, ఎవరూ చూడట్లేదు ఆయన్ని, ఆయన ఒక్కడే పీల్చుకుంటున్నాడు, పీల్చుకుంటాడా, ఇన్నేళ్ళూ పీల్చుకోలేదూ, నేను పుట్టకముందు నుంచీ పీలుస్తున్న మనిషే కదా, అప్పుడు ఎవరు నొక్కారు మంచం కోడు. ఇక వాలు మొదలు. గేరు మార్చు. వేగం తగ్గించు, ఇప్పట్నుంచే, కొంచెం కొంచెం. దూరంగా గేటు కనిపిస్తోంది, ఎరుపూ తెలుపూ కర్ర, అది ఇంకా పైకే ఉంది, దిగుతుందేమో, లైటు వెలుగుతోందా, ముందు ఏదో పెద్ద బండి ఉంది, వ్యాను కాదు, లారీ, దాని వెనక తలుపు మీద ఏదో రాసి ఉంది, చదవొద్దు, ఆపు, నేను కాలు పెడుతున్నాను, పెడుతున్నానే, కాలు ఏదీ, నా కాలు ఎక్కడుంది, ఇందాకే మేడం తీసి ఎక్కడో పెట్టింది, బరువంతా తీసేసింది, కాలు అందట్లేదు అమ్మాయ్, ఇక్కడ గోడ మీద ఎండ పడుతోంది, చూడు ఎంత పసుపుగా

ఫ్యాను. ముందు ఫ్యాను కనిపించింది. ఆ తర్వాత కిటికీ. మిగతా చాపలన్నీ చుట్టి మూలన నిలబెట్టి ఉన్నాయి, గదిలో ఎవరూ లేరు, నా మీద ఎవరో దుప్పటి కప్పారు. దవడ పక్కన తడిగా ఉంది, చొంగ. వాలు, అనుకున్నాను. దిగ్గున లేచి కూర్చున్నాను. వాళ్ళని వాలు మీద వదిలేశాను. లారీ వెనక, బండి పోతూ ఉండగా, స్టీరింగు వదిలేసినట్టు వదిలేసి పడుకున్నాను. ఎంతసేపు, ఎంతసేపయింది, ఏమయ్యారు వాళ్ళు. మేడం కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని ఉంది, నా ఫోను ఇంకా ఆవిడ ఒళ్ళోనే ఉంది.

"మెల్లిగా లేవండి," అంది.

"ఫోనొచ్చిందా?"

"వచ్చింది. ఇంటికి చేరారట. బాగానే ఉన్నారట."

"లేపుతానన్నారు కదండీ!" గట్టిగానే అరిచాను. ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

"లేపుదామనే వచ్చానండీ. మీ అమ్మాయే వద్దంది. మీరు నిద్రపోతున్నారంటే ముందు నమ్మలేదు," అని ఆవిడ నవ్వు ఆపుకుంది. "ఏమీ అనుకోకండి, ఫోను మీ దగ్గర పెట్టి మీ గురక వినిపించాను."

ఫోను తీసుకోబోతూ కిందికి చూశాను. రెండు పాదాలూ దుప్పట్లోంచి బయటికి వచ్చి ఉన్నాయి. రెండూ పక్కకి వాలి ఉన్నాయి. కుడిది కూడా. ఎవరో పరాయివాళ్ళ కాలిని చూసినట్టు దాన్ని కాసేపు చూశాను. ఆ తర్వాత అమ్మాయికి ఫోను చేశాను, అది మొదటి రింగుకే ఎత్తింది.

"లేచావా?"

"వాలు దగ్గర?" అన్నాను.

"గేటు పడిందమ్మా. ముందు లారీ ఉంది."

"లారీయా?"

"ఆపాను. లారీకి ఇంకా బోలెడంత దూరం ఉండగానే."

"మరి నాన్న?"

"నాన్నా! బేకరీ దాటకుండానే పడుకున్నాడు. గేటు దగ్గర ఆపితే లేవలేదు. అంత రైలు పోయింది, అప్పుడూ లేవలేదు. ఇంటి ముందుకొచ్చాక నేనే తట్టి లేపాను."

"ఏమన్నాడు?"

"ఏమంటాడు, ఎప్పుడూ అనేదే. అప్పుడే వచ్చేశామా అన్నాడు."

ఫోను చెవికి ఇంకా గట్టిగా ఆనించుకున్నాను. వెనక ఎక్కడో ఆయన గొంతు వినిపిస్తోంది, నన్ను నవ్వించకే తల్లీ, నవ్వితే లాగుతోంది, అంటున్నాడు. నా కూతురి మీద నాకు ఎంత ప్రేమ వచ్చిందంటే, ఆ ప్రేమని ఏం చెయ్యాలో తెలియక దుప్పటి మడతపెట్టడం మొదలుపెట్టాను. నాకు నేర్పిన పెద్దాయన బతికి ఉంటే చెప్పేదాన్ని, లేవలేదండీ, మీరు పెట్టిన పరీక్షలో మా అమ్మాయి కూడా పాసైంది అని. ఒంటిచేత్తో మడతపెడితే దుప్పటి కుదరడంలేదు, మేడం వచ్చి రెండో కొస పట్టుకుంది.

"అమ్మా, ఉన్నావా?" అంది అమ్మాయి. దాని గొంతులో కొంటెతనం. "నిజం చెప్పు. పడుకుని మాతోపాటు బండి తోలుతూనే ఉన్నావు కదూ? నాకు తెలుసులే. ఎక్కడిదాకా వచ్చావు?"

"వాలు దాకా," అన్నాను.

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత నువ్వే తోలావు," అన్నాను.